సైకియాట్రీ పీజీ సీటు బ్లాక్ చేస్తామంటూ జీతాల షీట్ చూపించే కన్సల్టెన్సీలతో జాగ్రత్త

ఎంబీబీఎస్ అయిపోయి పీజీ సీటు కోసం చూస్తున్నవాళ్లు, ముఖ్యంగా వాళ్ల అమ్మానాన్నలు, ఇది పూర్తిగా చదవండి. హైదరాబాద్‌లో ఒక అడ్మిషన్ కన్సల్టెన్సీ మా చెల్లికి ఎండీ సైకియాట్రీ మేనేజ్‌మెంట్ సీటు బ్లాక్ చేస్తామని చెప్పి లక్షన్నర అడ్వాన్స్ తీసుకుంది. సీటు రాలేదు, డబ్బు తిరిగివ్వలేదు, ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడం లేదు.

కూర్చోబెట్టి మాట్లాడినంతసేపూ వాళ్లు సీటు గురించి చెప్పింది తక్కువ, సంపాదన గురించి చెప్పింది ఎక్కువ. రంగుల షీట్ ఒకటి మా నాన్న ముందు పెట్టారు. సైకియాట్రిస్ట్ సంపాదన ఏడాదికి రెండు కోట్ల పైన, ఏటేటా పెరుగుతుంది, డాక్టర్లు తక్కువ, పేషెంట్లు ఎక్కువ అని అందులో ఉంది. ఆయన రిటైర్మెంట్ డబ్బు తీసింది ఆ షీట్ చూసే.

ఆ రెండు కోట్లు ఎక్కడివో తర్వాత వెతికితే దొరికింది. అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంకాల్లో 2023 మే నాటికి సైకియాట్రిస్టుల సగటు వేతనం దాదాపు 2.57 లక్షల డాలర్లు. దాన్ని రూపాయల్లోకి మార్చి షీట్‌లో వేసేశారు, అమెరికా అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఇంతకీ అక్కడైనా ఎంత పెరిగింది? 2018లో ఆ సగటు 2.20 లక్షల డాలర్లు, అంటే ఐదేళ్లలో 16, 17 శాతం, అదే ఐదేళ్లలో అక్కడ ధరలు 20 శాతం దాటి పెరిగాయి. పైగా ఇక్కడ ఎండీ చేసినవాళ్లకి కూడా మామూలుగా అక్కడి డాక్టర్ లైసెన్స్ పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ పాసై, మ్యాచ్‌లో (అక్కడ ట్రైనింగ్ సీట్లు కేటాయించే పద్ధతి) సీటు తెచ్చుకుని, నాలుగేళ్ల రెసిడెన్సీ, అంటే హాస్పిటల్లో స్పెషాలిటీ ట్రైనింగ్, మళ్లీ మొదటి నుంచి చేయడమే దారి.

మన దగ్గర సంగతి వేరు. మంగళగిరి, బీబీనగర్ లాంటి ఎయిమ్స్‌లో సీనియర్ రెసిడెంట్ (పీజీ అయ్యాక చేసే మొదటి ఉద్యోగం) మూల వేతనం నెలకి 67,700. మూడేళ్ల అనుభవం వచ్చాక అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే 1,01,500, దానికి 20 శాతం ఎన్‌పీఏ (ప్రైవేట్ ప్రాక్టీస్ చేయనందుకు ఇచ్చే అలవెన్స్), డీఏ కలిపితే నెలకి రెండు లక్షల చుట్టుపక్కల వస్తుంది, పన్ను కట్టకముందు. డీఏ ఏడాదికి రెండుసార్లు సవరిస్తారు కాబట్టి పెరుగుదల ఉంటుంది, కానీ అది అన్ని స్పెషాలిటీలకీ ఒకటే. కార్పొరేట్ హాస్పిటల్లో మొదట కొన్ని నెలలు మినిమమ్ గ్యారంటీ, అంటే పేషెంట్లు ఎంతమంది వచ్చినా ఒక కనీస మొత్తం, ఇస్తారు, ఆ తర్వాత చూసిన పేషెంట్లని బట్టి వాటా, అందులో టీడీఎస్ 10 శాతం కోత, కన్సల్టెంట్ కాబట్టి చాలాచోట్ల పీఎఫ్ ఉండదు, జీతంతో సెలవూ ఉండదు.

డాక్టర్లు తక్కువన్నది మాత్రం నిజమే, దేశంలో లక్ష మందికి ఒక సైకియాట్రిస్ట్ కూడా లేరు. అయితే కొరత ఉన్నంత మాత్రాన ఆదాయం దానంతటదే పెరగదు. సర్జరీలు, స్టెంట్‌లు లేని స్పెషాలిటీ ఇది, సంపాదన అంతా కూర్చుని మాట్లాడే టైమ్ మీదే, కొత్త పేషెంట్‌కి సరిగ్గా చూస్తే ముప్పావు గంట పడుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని చెప్పింది, 2018లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా కంపెనీలకి అదే చెప్పింది. కానీ మన పాలసీలు చాలావరకు అడ్మిట్ అయితేనే పనికొస్తాయి, ఓపీ ఫీజు కుటుంబం జేబులోంచే పోవాలి. ఆ కుటుంబం ఎంత కట్టగలదో దాన్ని బట్టే డాక్టర్ ఫీజు కూడా పెరుగుతుంది. ఆ షీట్‌లో ఈ లెక్కలేవీ లేవు.

అసలు మోసం ఇంకొకటి ఉంది. పీజీ సీటు ఎవరూ "బ్లాక్" చేయలేరండీ. మేనేజ్‌మెంట్ కోటా అయినా సరే నీట్ పీజీ ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లోనే రావాలి. తెలంగాణలో కాళోజీ యూనివర్సిటీ, ఆంధ్రలో ఎన్టీఆర్ యూనివర్సిటీ, డీమ్డ్ యూనివర్సిటీలకి కేంద్రం తరఫున ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) ఆ కౌన్సెలింగ్ నడుపుతాయి. ఫీజులు కూడా నోటిఫికేషన్‌లోనే ఉంటాయి. మధ్యలో ఇంకెవరికి డబ్బు కట్టినా అది సీటు కోసం కట్టినట్టు కాదు.

వాళ్లకీ అది బాగా తెలుసు, అందుకే రసీదు మీద సీటు అన్న మాట రాయలేదు, "కెరీర్ గైడెన్స్ ఫీజు, నాన్ రిఫండబుల్" అని చిన్న అక్షరాల్లో రాశారు. రిఫండ్ అడిగితే "గైడెన్స్ ఇచ్చాం కదమ్మా" అన్నారు. సీటు గ్యారంటీ అన్నది అంతా ఫోన్లోనే, వాట్సాప్‌లో మాత్రం పొరపాటున ఒక మెసేజ్‌లో ఉండిపోయింది, అదే ఇప్పుడు మా దగ్గరున్న ఆధారం. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం, లీగల్ నోటీసు కూడా పంపుతున్నాం.

ఇప్పటికే ఇలాంటి చోట కట్టినవాళ్లు ఉంటే చాట్‌లు డిలీట్ చేయకండి, రసీదు ఫోటో తీసి పెట్టుకోండి. డబ్బు యూపీఐలో కట్టి ఉంటే ఆ ట్రాన్సాక్షన్ వివరాలు కూడా దాచండి. మాతో పాటు ఫిర్యాదు చేయాలనుకునేవాళ్లు నాకు మెసేజ్ చేయండి.