కొలోసియమా, పాంథియనా? రోమ్‌ల ఒక్క పూటే ఉంటే ఏది మేలు

"అక్కా, రోమ్ వస్తున్నం, ఒక్క పూటే టైముంది, కొలోసియం చూడాల్నా పాంథియన్ చూడాల్నా" అని నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి ఆర్కిటెక్చర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతనే ఉన్నరు. ఈడ సెమిస్టర్ చదవబట్టి రెండు లోపలికీ పోయిన, కొలోసియం రెండుసార్లు, పాంథియన్ ఆరుసార్లు. నా మనసు ఎటుందో దాంట్లనే తెలుస్తది కని, రెండిటి సంగతీ చెప్త.

కొలోసియం అంటే పాత రోమన్లు ఆటలు చూసిన పెద్ద స్టేడియం, అది తక్కువదని ఎవ్వరూ అనలేరు. 188 మీటర్ల పొడుగు, 156 మీటర్ల వెడల్పు, కింద చుట్టూ 80 ఆర్చీలు, వాటిల 76 దర్వాజలకు నంబర్లు చెక్కిన్రు, ఎవరి నంబరు చూసుకొని వాళ్లు ఆ తోవల పోయేటోళ్లు. స్టేడియమో ఆడిటోరియమో స్టూడియో ప్రాజెక్టు ఉన్నోళ్లు ముందు ఇదే చూడుండ్రి, ఎందుకంటే సగం కూలిపోయి ఉంది కాబట్టి వాల్టులు (కమాను కప్పులు), మెట్లు, నేల కింది గదులు అన్నీ సెక్షన్ గీసి పెట్టినట్టే, అంటే కట్టడాన్ని నిలువుగ కోసి చూపినట్టే కనబడ్తయి. గోడల నిండ గుంతలు కనిపిస్తయి, రాళ్లను కలిపి పట్టుకున్న ఇనుప క్లాంపులను తర్వాతి కాలపోళ్లు పీక్కపోయిన గుర్తులవి. కని టైం స్లాటు, క్యూ, ఎండ, నిలబడి గీద్దామంటే వెనకనుంచి గుంపు తోసుకొస్తనే ఉంటది.

నాకు మాత్రం ఒక్కటే లెక్క, ఒక్కదగ్గర కూసుంటే ఆ కట్టడం నాకు ఏమన్న నేర్పుతదా లేదా అని. పాత రోమన్ల గుడి పాంథియన్ నేర్పుతది. 43.3 మీటర్ల వెడల్పు డోము, నేల నుంచి పైన కన్ను (డోము నడిమిట్ల తెరిచి ఉన్న గుండ్రని రంధ్రం) దాకా ఎత్తు కూడ అంతే, లోపల ఇనుము లేని ఉత్త కాంక్రీటు, కింద బరువైన రాళ్లు కలిపి పైకి పోయినకొద్దీ తేలికైన ప్యూమిస్ (అగ్నిపర్వతం రాయి) కలిపిన్రు, ఇదంతా పుస్తకాలల్ల చదివే ఉంటరు. పుస్తకంల దొరకనిది వెలుగు. మార్చి మొదట్ల ఒకరోజు పన్నెండు దాటినంక బెంచీ మీద దర్వాజ దిక్కు తిరిగి కూసున్న, పై కన్నుల నుంచి వడ్డ వెలుగు గుండ్రంగ దర్వాజకు పైన, డోము కింది అంచుల ఉంది. డోము లోపల చుట్టూ ఒక్కో వరసల 28 గుంత పెట్టెలు (కాఫర్లు) ఉంటయి కదా, వెలుగు ఏ పెట్టె మీదుందో పది నిమిషాలకోసారి స్కెచ్‌బుక్‌ల గుర్తు పెట్టుకుంట పోయిన. గంటన్నరల రెండు పెట్టెలు కుడికి జరిగింది, కొంచెం పైకెక్కింది. భూమి తిరుగుతుందని చిన్నప్పటి నుంచి చదివిన, గోడ మీద చూసుడు మాత్రం అదే మొదలు.

అప్పుడు నాకు నల్లగొండ పక్కన ఉన్న పానగల్ యాదికొచ్చింది. మన ఛాయా సోమేశ్వరాలయంల గర్భగుడి గోడ మీద స్తంభం అసొంటి నీడ పొద్దంతా కదలకుండ నిలబడే ఉంటది, సూర్యుడు ఎటు పోయినా సరే, పక్కలనుంచి లోపలికొచ్చే వెలుగును ఎక్కడ ఆపాల్నో ఎక్కడ వదలాల్నో చూసుకొని స్తంభాలు నిలబెట్టిన్రు కాబట్టి. ఆడ నీడను ఆపిన్రు, ఈడ వెలుగును తిరగనిచ్చిన్రు. రెండూ చూసినోళ్లకు డేలైటింగ్ (కట్టడంలకు పగటి వెలుగును తెచ్చుడు) అంటే ఏందో ఇంకెవ్వరూ చెప్పే పని లేదు.

ఇంకేమన్న చూడొచ్చా అంటే, వాటికన్‌ల సెయింట్ పీటర్స్ చర్చి డోము ఎక్కాలంటే 551 మెట్లు, ఒక్క పూటల వీటితోపాటు పెట్టుకునే పని కాదు. ఆర్కిటెక్ట్ బొరొమిని కట్టిన సాన్ కార్లో చిన్న చర్చి, ఇరవై నిమిషాలు చాలు, తోవల పడితే ఆగుండ్రి.

పాంథియన్‌కు 2023 జూలై నుంచి టికెట్ పెట్టిన్రు, నేను 5 యూరోలు కట్టిన, కొలోసియంకు 18. పొద్దున్నే పోకుండ్రి. ఎండకాలం ఇక్కడ గడియారంల సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఒంటిగంట దాటుతది, ఆ టైముకు వెలుగు నేల మీదికి దిగుతది, చలికాలం అయితే డోము మీదనే ఉండిపోతది. ఏప్రిల్ 21 చుట్టుపక్కల వస్తే మధ్యాహ్నం వెలుగు సక్కగ దర్వాజ మీద వడ్తది. విమానం ఎక్కే ముందు మాత్రం ఒక పొద్దంతా పానగల్ పోయి ఆ నీడ ముందట కూసోండ్రి, నల్లగొండ టౌన్‌కు ఆనుకునే ఉంది.