డాబాగార్డెన్స్‌లో గిటార్ రిపేరు: నా అనుభవం

మా ఇల్లు విశాఖపట్నం బీచ్ రోడ్డుకి దగ్గర. ఆ తేమకి నా పన్నెండేళ్ల అకౌస్టిక్ గిటార్ బ్రిడ్జి (పై చెక్క మీద తీగలు బిగించే చెక్క ముక్క) వెనకవైపు పైకి లేచిపోయింది. ముందు చూపించిన షాపులో అయితే "ఇంక పనికిరాదు, కొత్తది కొనుక్కోండి" అనేశారు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డాబాగార్డెన్స్‌లో ఒక మేడ మీద చిన్న గదిలో రిపేర్లు చేసే పెద్దాయన మాత్రం సన్నటి రేకు ముక్కని బ్రిడ్జి కిందకి దూర్చి, ఎంత లోపలికి వెళ్తోందో చూసి, "కర్ర బానే ఉంది బాబూ, జిగురు వదిలిందంతే" అన్నారు.

ఆరు స్టీలు తీగలూ కలిపి దాదాపు 70 కిలోల బలంతో లాగుతుంటాయి, దాన్ని తట్టుకోవాల్సింది మూడు మిల్లీమీటర్ల పై చెక్క. అందుకే లోపల బద్దలు అతికిస్తారు. చిన్న అద్దం లోపలికి పెట్టి, లైటు వేసి, ఎక్స్ ఆకారంలో ఉన్న ఆ బద్దలు నాకు చూపించారు. స్పెయిన్‌లో గిటార్లు తయారుచేసే ఆంటోనియో దె టోరెస్ 1862లో వెనకా పక్కలూ అట్టతో చేసి, పై చెక్క మాత్రం మంచిది వేసి గిటార్ కట్టాడు, గిటార్ శబ్దానికి ప్రాణం ఆ పై చెక్కేనని చూపించడానికి. అది పెద్దాయన చెబుతుంటే వింటూ అలాగే నిలబడిపోయాను.

పాత జిగురంతా గీకి, కొత్తది రాసి, క్లాంపులు బిగించి రెండు రోజులు కదపలేదు. మొత్తం 1,800 రూపాయలు. నాలుగు రోజులన్నది తొమ్మిది రోజులైంది, ఫోనెత్తరు, అదొక్కటే ఇబ్బంది. కానీ ఇప్పుడు అన్నిటికంటే లావు తీగ మీటితే ఆ మోత గుండెకి తగులుతోంది.