పాత పికప్‌కి క్రాసులు మారిస్తే చాలా, షాఫ్టే మార్చాలా?

ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదలగానే కింద టక్కుమంటుంది. రివర్స్ వేస్తే మళ్లీ టక్. నెమ్మదిగా పోతుంటే పిట్ట అరిచినట్టు కీచుకీచు. పదేళ్లు దాటిన బొలెరో పికప్పో, టాటా 207నో నడిపేవాళ్లకి ఈ చప్పుళ్లు తెలిసినవే. కొందరు క్రౌన్ (వెనక ఇరుసులోని పెద్ద పళ్లచక్రం) పోయిందని కంగారుపడి దాని హౌసింగ్ విప్పించేస్తారు. దానికన్నా ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు చూడాలి, అంటే గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకి తిప్పుడు అందించే పొడుగాటి గొట్టం కొనల్లో ఉండే నాలుగు చేతుల కీళ్లు. చూడ్డానికి పైసా ఖర్చు లేదు.

బండిని చదునైన చోట ఆపి, చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి కిందికి దూరండి. ఒక చేత్తో షాఫ్టునీ, ఇంకో చేత్తో దాని పక్క ఫ్లాంజినీ (షాఫ్ట్‌ని బోల్టులతో బిగించే పళ్లెం లాంటి ముక్క) పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. రెండూ కలిసి కదిలితే ఆ ఆట (వదులు) క్రౌన్‌ది. ఒకటి కదిలి రెండోది కదలకపోతే క్రాస్‌ది. క్రాస్ చేతుల కొనలకుండే కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పుపొడి రాలి ఉంటే తిప్పి చూడక్కర్లేదు, లోపల గ్రీజు ఎప్పుడో ఎండిపోయింది. ఇలాంటిది "ఇంకో నెల లాగుదాం" అనుకునే విషయం కాదు. లోడు మీద క్రాస్ విరిగి షాఫ్ట్ ముందువైపు ఊడితే దాని కొన రోడ్డులో గుచ్చుకుంటుంది. వెనకవైపు ఊడితే గిరగిరా కొట్టుకుంటూ దగ్గర్లో ఉన్న బ్రేకు పైపుల్ని తెంపగలదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. విజయవాడ ఆటోనగర్ లాంటి చోటికి పోతే తుక్కుకొచ్చిన బండి షాఫ్ట్ మొత్తంగా దొరుకుతుంది. తెచ్చి బోల్టులు బిగిస్తే ఆ పూటే బండి రోడ్డెక్కుతుంది. పని ఆగితే కిరాయి పోయేవాడికి అది చిన్న లాభం కాదు. కానీ ఆ షాఫ్టు క్రాసులు మాత్రం తక్కువ తిరిగాయా? షాఫ్ట్ గొట్టం (ట్యూబు) ఎక్కడైనా నొక్కుకుపోయిందా, బ్యాలెన్స్ కోసం వెల్డ్ చేసిన రేకుముక్క ఊడిపోయిందా, పొడవు మన బండి వీల్‌బేస్‌కి సరిపోతుందా, ఇవన్నీ చూసి తెచ్చుకోవాలి. చివరికి దానికీ కొత్త క్రాసులే వేయించాల్సి వస్తే రెండు ఖర్చులు.

నా ఓటు సొంత షాఫ్టుకి కొత్త క్రాసులు వేయించడానికే, ఫోర్కు (క్రాస్‌ని పట్టుకునే రెండు చెవుల ముక్క) బెజ్జాలు బాగుంటే. పరీక్ష తేలిక. కొత్త కప్పు ఒత్తిడి లేకుండా వేలితోనే దిగిపోతే ఆ ఫోర్కు పని అయిపోయినట్టే. వదులైన బెజ్జం అంచుకి సెంటర్ పంచ్‌తో నాలుగు గాట్లు పెట్టి బిగించేసే మెకానిక్కులున్నారు, అది నెల్లాళ్ల ముచ్చట. స్ప్లైన్‌లో (షాఫ్ట్ ముక్కలు ఒకదానిలో ఒకటి జారే పళ్ల జాయింటు) ఆట బాగా ఉన్నా, ట్యూబు వంగినా కూడా షాఫ్ట్ మార్చడమే దారి. అప్పుడు పాతది తెచ్చినా చూసి తెచ్చుకోండి.

క్రాస్ కొనేటప్పుడు షాపువాడు అడుగుతాడు: నిప్పల్‌ది ఇవ్వనా, సీల్డ్ ఇవ్వనా? నిప్పల్ అంటే గ్రీజు గన్ తగిలించే చిన్న మూతి. ఆ క్రాస్‌కి గ్రీజు పారడానికి లోపల బెజ్జాలుంటాయి, ఆ మేర ఉక్కు తగ్గుతుంది. గ్రీజు లోపలే పెట్టి మూసేసిన సీల్డ్ క్రాస్ నిండుగా ఉంటుంది, దాని రబ్బరు సీళ్లు కూడా సాధారణంగా గట్టివే. కాగితం మీద సీల్డే గెలుస్తుంది. అయితే మన పికప్పులు తిరిగేది నల్లరేగడి బురదలో, కాలవగట్ల మీద, వానాకాలం నీళ్లు నిలిచిన సందుల్లో. ఒక్కసారి నీరు లోపలికి చేరిందా, సీల్డ్ క్రాస్‌ని కాపాడే మార్గం లేదు. నిప్పల్ ఉంటే కొత్త గ్రీజు కొట్టి పాత మురికిని బయటికి నెట్టొచ్చు. అందుకే లోడు బండికి నిప్పల్‌దే మేలంటాను. ఇంజన్ ఆయిల్ మార్చినప్పుడు కూడా గ్రీజు గన్ ముట్టనివాళ్లు మాత్రం సీల్డే వేసుకోండి, ఎండిపోయిన నిప్పల్ క్రాస్‌కన్నా అది నయం. కొట్టేటప్పుడు నాలుగు కప్పుల నుంచీ గ్రీజు ఉబికి రావాలి. మూడింట్లో వచ్చిందని గన్ పక్కన పెట్టేస్తే ఆ నాలుగోదే ముందు పోతుంది. బిగించేటప్పుడు నిప్పల్ షాఫ్ట్ వైపుకి, గన్ అందేలా ఉందో లేదో చూసుకోండి.

ఇక సుత్తా, ప్రెస్సా? చెట్టుకింద సుత్తితో క్రాస్ మార్చినవాళ్లు లక్షమంది ఉంటారు, పని అవుతుంది కూడా. కాకపోతే అడ్డదిడ్డంగా కొడితే ఫోర్కు చెవులు వంగుతాయి. అంతకన్నా ఎక్కువగా జరిగేది ఇంకోటి: కప్పులో వరసగా నిలబడ్డ సన్నని సూదుల్లో ఒకటి జారి అడుగున అడ్డంగా పడిపోతుంది. కప్పు పూర్తిగా దిగదు, దాన్ని ఆపే లాక్ రింగు గాడిలో కూర్చోదు. అప్పుడు ఇంకో దెబ్బ వేస్తే కొత్త క్రాస్ అక్కడే చెడిపోతుంది. కప్పు బయటికి తీసి, గ్రీజు రాసి, సూదిని నిలబెట్టి మళ్లీ మొదలుపెట్టాలి. ప్రెస్ ఉన్న లేత్ షాపులోనైతే, లేదా మంచి బెంచ్ వైస్ మీదైతే, రెండు కప్పుల్నీ తిన్నగా నొక్కుతారు కాబట్టి సూది జారే అవకాశం తక్కువ. నేనైతే షాఫ్ట్ విప్పి లేత్ షాపుకే తీసుకుపోతాను. అక్కడ కూడా ట్యూబుని వైస్‌లో బిగించనివ్వకండి, పల్చటి గొట్టం, నొక్కుకుపోతుంది.

విప్పేముందు ఫ్లాంజిల మీద, స్ప్లైన్ దగ్గర సుద్దతోనో పెయింటుతోనో గుర్తులు పెట్టుకోండి. ఒక్క క్రాస్ కోణంలో తిరిగేటప్పుడు వేగం సమంగా రాదు, ప్రతి చుట్టులో రెండుసార్లు హెచ్చి రెండుసార్లు తగ్గుతుంది. రెండో క్రాస్ ఆ తేడాని సరిచేస్తుంది, రెండు ఫోర్కులూ కంపెనీ పెట్టిన వరసలోనే ఉంటే. స్ప్లైన్ కాస్త తప్పి ఎక్కిందంటే స్పీడందుకోగానే బండి వణుకుతుంది, నింద పాపం కొత్త క్రాసుల మీద పడుతుంది.

రెండు ముక్కల షాఫ్ట్ అయితే మూడు క్రాసులూ ఒకేసారి మార్చేయండి. మిగతావీ అంతే దూరం తిరిగాయి, విప్పి బిగించే కూలీ మళ్లీ ఎందుకు? రెండు ముక్కల మధ్య షాఫ్ట్‌ని మోసే సెంటర్ బేరింగ్ రబ్బరు చీలి ఉంటే అదీ అప్పుడే. ఫ్లాంజి నట్లు మాత్రం పాతవి వాడకండి, కొత్త లాక్‌నట్లు వేయించండి.