ఫ్యాక్టరీ కార్బన్ లెక్క: అమెరికా పటం, యూరప్ రిజిస్ట్రీ, మన బీఆర్‌ఎస్‌ఆర్‌ – ఏది మేలు?

సింహాద్రి థర్మల్ స్టేషన్ ఏడాదికి ఎంత కార్బన్ డయాక్సైడ్ వదులుతోందో తెలుసుకోవాలని పరవాడ వైపు ఎవరైనా ఎన్‌టీపీసీ వార్షిక నివేదికలోని బీఆర్‌ఎస్‌ఆర్‌ (కంపెనీ పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక) తెరిస్తే కనిపించేది కంపెనీ మొత్తం అంకె. రామగుండం, సింహాద్రి, ఉత్తరాది స్టేషన్లు అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. అదే టెక్సస్‌లో ఫోర్ట్ బెండ్ కౌంటీలో ఉండే తెలుగువాళ్లు తమ దగ్గరి డబ్ల్యూ.ఏ. ప్యారిష్ విద్యుత్ ప్లాంటు లెక్కను పటం మీద నొక్కి చూసుకోవచ్చు. రెండూ బహిరంగ నివేదికలే. ఒకటి షేరు కొనేవాడి కోసం రాసింది, రెండోది పొగగొట్టం పక్కన ఉండేవాడికీ పనికొచ్చేది.

అమెరికా: వివరం ఎక్కువ, బయటి తనిఖీ లేదు

అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2009లో నిబంధన తెచ్చింది. డేటా 2010 నుంచి ఉంది. ఏడాదికి 25,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు ఉంటే రిపోర్టు తప్పదు. సిమెంటు లాంటి కొన్ని రంగాల్లో ఆ పరిమితితో పనిలేకుండా అందరూ ఇవ్వాలి. దాదాపు 8,000 ప్లాంట్ల లెక్కలు ‘ఫ్లైట్’ అనే వెబ్ పటంలో కనిపిస్తాయి. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్, ఎస్‌ఎఫ్6 లాంటివి వాయువుల వారీగా విడివిడిగా ఉంటాయి.

దీని అసలు బలం ఏ పద్ధతిలో లెక్క కట్టారో కూడా చెప్పించడం. ఇంధనం మండించే చోట నాలుగు అంచెలున్నాయి. మొదటిది, కాల్చిన ఇంధనాన్ని పట్టికలోని సగటు విలువలతో గుణించడం. రెండోదానికి ఆ ఇంధనం కెలోరిఫిక్ విలువను (మండితే ఎంత వేడి ఇస్తుందో) కొలవాలి. మూడోదానికి ల్యాబులో కార్బన్ శాతం తేల్చాలి. నాలుగోది పొగగొట్టంలోనే నిరంతరం కొలిచే మీటరు.

ఇక లోపాలు. కంపెనీ ప్రతినిధి సంతకం చేస్తాడు, ఈపీఏ కంప్యూటర్ తనిఖీలు చేస్తుంది, తేడా కనిపిస్తే అడుగుతుంది. అంతేగానీ స్వతంత్ర ఆడిటర్ ప్లాంటుకు వెళ్లాలన్న నియమం లేదు. సిమెంటు ప్లాంటు ఎంత క్లింకర్ (సున్నపురాయిని కాల్చి చేసే సిమెంటు మూల పదార్థం) చేసిందన్నది వ్యాపార రహస్యం కింద దాచేస్తారు కాబట్టి టన్ను క్లింకర్‌కు ఎంత అన్నది ఈ పటం నుంచి తేల్చలేం. ఇంకో చిక్కు కూడా ఉంది. ఉద్గారాలు వరసగా ఐదేళ్లు 25,000 టన్నుల లోపో, మూడేళ్లు 15,000 లోపో ఉంటే రిపోర్టు ఆపేయవచ్చు. పటం నుంచి ప్లాంటు మాయమైందంటే మూతపడిందని అనుకోకూడదు.

యూరప్: ఒక్క అంకె, కానీ గట్టిది

యూరప్ ఉద్గారాల వ్యాపార విధానం 2005 నుంచి నడుస్తోంది. 20 మెగావాట్ల ఉష్ణ సామర్థ్యం దాటిన దహన ప్లాంట్లు, రోజుకు 500 టన్నులకు పైగా క్లింకర్ చేయగల తిరిగే కొలిమిలు, అంటే రోటరీ కిల్న్‌లు ఇందులోకి వస్తాయి. గుర్తింపు పొందిన బయటి సంస్థ తనిఖీ చేసి సరే అన్నాకే అంకె రిజిస్ట్రీలోకి ఎక్కుతుంది. ప్రతి టన్నుకూ ఒక పర్మిట్ (టన్ను వదిలే హక్కు పత్రం) అప్పగించాలి. అప్పగించకపోతే టన్నుకు 100 యూరోలకు పైనే జరిమానా, అది కట్టినా పర్మిట్ బాకీ తీరదు. పెద్ద ప్లాంట్లలో ఇంధనం తూకంలో అనిశ్చితి 1.5 శాతం దాటకూడదన్న పట్టింపు కూడా అందుకే. డబ్బు ముడిపడితే తూకం దానంతటదే బాగుపడుతుంది.

కానీ బయటివాళ్లకు కనిపించేది ఏడాదికి ఒక్క మొత్తం. ఎంత బొగ్గు నుంచి, ఎంత సున్నపురాయి నుంచి అన్నది ఆ రిజిస్ట్రీలో ఉండదు.

మన దగ్గర: బీఆర్‌ఎస్‌ఆర్‌ ఒక్కటే చూస్తే నష్టం

స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు ఈ నివేదిక ఇవ్వాలి. స్కోప్ 1 అంటే సొంత పొగగొట్టాలు, స్కోప్ 2 అంటే కొన్న కరెంటు. ఇది కంపెనీ లెక్క, ప్లాంటు లెక్క కాదు. లిస్టు కానివాళ్లకు ఈ నియమం వర్తించదు. విశాఖ స్టీలు నడిపే ఆర్‌ఐఎన్‌ఎల్, సింగరేణి, రెండు రాష్ట్రాల జెన్‌కోలు లిస్టెడ్ కావు. అంటే మన రాష్ట్రాల్లోని అతి పెద్ద పొగగొట్టాల్లో చాలావాటికి ఇది అద్దం పట్టదు.

కరెంటు ప్లాంట్ల వరకు ఇంతకంటే చాలా మంచి దారి ఉంది, ఎందుకో ఎక్కువమంది అటు చూడరు. కేంద్ర విద్యుత్ అథారిటీ (సీఈఏ) ఏటా విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్ బేస్‌లైన్ డేటాబేస్. ఎక్సెల్ ఫైలు దించుకుని స్టేషన్ పేరు వెతికితే చాలు, సింహాద్రి, కొత్తగూడెం, విజయవాడ నార్ల తాతారావు స్టేషన్, అన్నీ విడివిడిగా దొరుకుతాయి. లోటేమిటంటే ఇందులో కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే ఉంటుంది. ఫ్యాక్టరీల సొంత క్యాప్టివ్ ప్లాంట్లు ఉండవు. స్టేషన్ వివరాలు రాని చోట ప్రామాణిక విలువలతో అంచనా వేస్తారు.

అంకె ఎక్కడ తప్పుతుంది

ఏ దేశమైనా బొగ్గు దగ్గర జరిగే పొరపాటు ఒకటే, తేమ. ల్యాబు రిపోర్టు గాలికి ఆరిన శాంపిల్‌కు ఇస్తారు, తూకం మాత్రం తడి బొగ్గుకు వేస్తారు. ఆరిన శాంపిల్‌లో కార్బన్ 42 శాతం, తేమ 6 శాతం అనుకుందాం. వ్యాగన్లో వచ్చిన బొగ్గులో మొత్తం తేమ 14 శాతం. అప్పుడు అసలు కార్బన్ 42 × 86 ÷ 94, అంటే 38.4 శాతం. కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడానికి 44/12తో గుణిస్తే వెయ్యి టన్నుల బొగ్గుకు 1,408 టన్నులు. సవరణ మరిచిపోతే 1,540. ఏడాదికి 40 లక్షల టన్నులు కాల్చే స్టేషన్లో ఈ ఒక్క మరుపుతో 5.28 లక్షల టన్నులు తేడా వస్తుంది. అమెరికాలో రిపోర్టుకు పెట్టిన పరిమితికి అది 21 రెట్లు!

పొగగొట్టం మీటరు పెడితే సరిపోతుందా అంటే, అక్కడ గ్యాస్ శాతం కంటే ప్రవాహ వేగం కొలవడమే కష్టం. సుడి తిరిగే పొగలో ప్రోబు ఒక చోట పెడితే ఒక అంకె, అడుగు పక్కన పెడితే ఇంకో అంకె. ఏటా రిఫరెన్స్ పరీక్షతో సరిచూడని మీటరు కంటే సరిగ్గా తీసిన బొగ్గు శాంపిలే నయం.

మరి ఏది మేలు?

ఒక్కటే ఎంచుకోమంటే యూరప్ రిజిస్ట్రీనే. వివరం తక్కువైనా ఆ అంకె వెనుక బయటివాడి తనిఖీ, జరిమానా భయం ఉన్నాయి. అమెరికా పద్ధతి చదువుకునేవాళ్లకు బంగారం. కానీ 2025 సెప్టెంబరులో ఈపీఏ స్వయంగా చాలా రంగాలకు ఈ రిపోర్టింగ్ ఎత్తేయాలని ప్రతిపాదించింది. పాత ఏళ్ల డేటా కావలసినవాళ్లు ఇప్పుడే దించి పెట్టుకోవడం మంచిది.

మన సిమెంటు ప్లాంట్లకైతే బీఆర్‌ఎస్‌ఆర్‌ పక్కన పెట్టి, 2025 అక్టోబరులో కార్బన్ క్రెడిట్ పథకం కింద వచ్చిన గెజిట్ షెడ్యూల్ తెరవండి. సిమెంటు, అల్యూమినియం, క్లోర్-ఆల్కలీ, కాగితం రంగాల ప్లాంట్ల పేర్ల ఎదుట 2023-24 ఉత్పత్తి, టన్ను ఉత్పత్తికి ఉద్గారం ఉన్నాయి. రెండూ గుణిస్తే ప్లాంటు మొత్తం వస్తుంది. అయితే అందులో కొన్న కరెంటు తాలూకు ఉద్గారాలు కూడా కలిసి ఉంటాయి. ఫ్లైట్ అంకెలోగానీ యూరప్ అంకెలోగానీ అవి ఉండవు. కాబట్టి పక్కపక్కన పెట్టే ముందు ఆ కరెంటు వాటా తీసేయాలి. అది విడిగా దొరక్కపోతే ఆ పోలిక మానుకోవాలి.