టెర్లింగ్వా డేరా, బిగ్ బెండ్ రెక్కల బల్లి

టెక్సస్‌లో బిగ్ బెండ్ పార్కు పక్కనున్న టెర్లింగ్వా ఊళ్ళో డేరా బుక్ చేసేముందు ఇది చదవండి. ఫొటోల్లో తెల్లటి డేరా, లోపల పెద్ద మంచం, గుమ్మంలో లాంతరు చూసి మా ఆవిడ మురిసిపోయింది. రాత్రికి 189 డాలర్లు, శుభ్రం చేసినందుకంటూ పైన ఇంకో 65. డాలస్ నుంచి రోజంతా కారు నడిపి చేరితే ఏముంది? ఏసీ వేడిగాలి ఊదుతోంది. బాత్రూమ్‌కి కంకర దారిలో చాలా దూరం నడవాలి. గుంటూరు నుంచి వచ్చిన మా మామగారు అర్ధరాత్రి ఫోన్ లైటు పట్టుకుని రెండుసార్లు వెళ్ళొచ్చారు. ఓనర్‌కి మెసేజ్ పెడితే, "ఎడారి కదండీ, వేడిగానే ఉంటుంది" అన్నట్టు జవాబు. డబ్బు వెనక్కి రాలేదు. పొద్దున కారులో ఎవరూ మాట్లాడలేదు.

బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి మేం వెళ్ళినప్పుడు కారుకు 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. పార్కు ఆఫీసున్న పాంథర్ జంక్షన్‌కి ఉత్తరాన 8 మైళ్ళలో శిలాజాల ప్రదర్శన ఉంది. దానికి వేరే టికెట్ లేదు. పెద్దగా ఆశ లేకుండానే దిగాం.

తల ఎత్తితే అస్థిపంజరం, రెక్కలు చాచుకుని. పేరు క్వెట్జల్‌కోట్లస్. నాలుగుసార్లు పలికినా మామగారికి నోరు తిరగలేదు. "జటాయువే కదా బాబూ!" అన్నారు. "డైనోసార్ కాదు తాతయ్యా, పక్షీ కాదు. టెరోసార్, ఎగిరే సరీసృపం" అని మా తొమ్మిదేళ్ళవాడు సరిదిద్దాడు. 1971లో డగ్లస్ లాసన్ అనే విద్యార్థికి ఈ పార్కులోనే రెక్క ఎముకలు దొరికాయి. 1975లో పేరు పెట్టారు. రెక్కలు చాస్తే ఒక కొస నుంచి ఇంకో కొసకి పదీ పదకొండు మీటర్లు. భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఒక్క ఎముకే 54 సెంటీమీటర్లు! మామగారు తన చేతిని చాపి మూర కొలుచుకుని, "నాకంటే ఎక్కువే" అని నవ్వారు. ఆ ట్రిప్‌లో ఆయన నవ్వడం అదే మొదలు. అసలు ఎముకలు ఆస్టిన్‌లో యూనివర్సిటీ దగ్గర ఉన్నాయట, ఇక్కడిది నమూనా. అయినా ఆ కింద నిలబడితే ఒళ్ళు జలదరిస్తుంది.

పొద్దున్నే వెళ్ళండి. పైకప్పు తప్ప నీడ లేదు, నీళ్ళు మీవే తెచ్చుకోవాలి. మావాడు జేబులో వేసుకున్న రాయిని మా ఆవిడ వెంటనే కింద పెట్టించింది. పార్కులోంచి రాళ్ళూ శిలాజాలూ తీసుకెళ్ళడం నేరం.

ఆ రాత్రి డేరా వదిలేసి ఆల్పైన్‌లో మామూలు మోటెల్‌కి మారాం. 92 డాలర్లు. మామగారు ఏసీ ఫుల్లుగా పెట్టించుకుని ఎనిమిదింటికే దుప్పటి కప్పుకున్నారు.