ఇంజన్ లండన్ పక్కన, వంతెన స్కాట్లండ్‌లో

హ్యారీ పోటర్ రైలు ఎక్కాలని స్కాట్లండ్ ప్రయాణం పెట్టుకునే మనవాళ్లకు ముందే ఒక మాట. సినిమాలో కనిపించే ఆ ఎర్ర ఇంజన్ అక్కడ లేదు. 2015 నుంచి లండన్‌కు వాయవ్యాన, వాట్‌ఫర్డ్ దగ్గరి లీవ్స్‌డెన్ స్టూడియోలో ఉంది. ఫోర్ట్ విలియమ్ నుంచి మాలెగ్ వెళ్లే ‘జాకోబైట్’ ఆవిరి బండిని లాగేవి వేరే ఇంజన్లు, ఎక్కువగా నల్లవి. దారి మాత్రం సినిమాలోదే. వేసవి సెలవుల్లో చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు రెండూ చూసి వచ్చాం.

లీవ్స్‌డెన్ వెళ్లడం తేలికే. లండన్ యూస్టన్ స్టేషన్లో రైలెక్కితే ఇరవై నిమిషాల్లో వాట్‌ఫర్డ్ జంక్షన్, స్టేషన్ బయటే స్టూడియో బస్సు. గేటు దగ్గర టికెట్లు అమ్మరు, సెలవుల్లో వెళ్లేవాళ్లు చాలా ముందే కొనుక్కోవాలి. ధర నలుగురు మనుషులకి గుండె గుభేలుమనేలానే ఉంటుంది. అయినా నాకు గిట్టుబాటయింది, దానికి కారణం ఆ ఇంజనే.

దాని అసలు పేరు ఓల్టన్ హాల్, నంబరు 5972. 1937లో స్విండన్ కార్ఖానాలో తయారై గ్రేట్ వెస్టర్న్ రైల్వేలో పనిచేసింది. 1963లో పని నుంచి తప్పించి, వేల్స్‌లోని బ్యారీ అనే ఊళ్లో పాత ఇనుము వ్యాపారికి అమ్మేశారు. అక్కడే దాని అదృష్టం తిరిగింది. వ్యాగన్లను ముక్కలు చేయడం తేలికని ఆ వ్యాపారి ముందు వాటి పని పట్టాడు. ఇంజన్లు సముద్రపు గాలికి తుప్పుపడుతూ ఏళ్ల తరబడి ఉండిపోయాయి. అలా బతికిపోయిన రెండు వందలకు పైగా ఇంజన్లను రైలు ప్రియులు ఒక్కొక్కటిగా కొనుక్కుపోయారు. ఇది 1981లో బయటపడింది. సినిమా వాళ్లు దానికి ఎర్ర రంగు వేసి, చక్రం పైన ‘హాగ్వార్ట్స్ కాజిల్’ అని పేరుపలక బిగించారు. క్యాబ్ పక్కన పాత నంబరు మాత్రం అలాగే ఉంది. అంత కథ ఉన్న ఇంజన్ ముందు నిలబడి జనమంతా సెల్ఫీ తీసుకుని పోతుంటే నాకు కాస్త ఉక్రోషం వచ్చింది. అక్కడి పొగ కృత్రిమంగా వదిలేదే, బొగ్గు వాసన లేదు. వెనక పెట్టెలు ఎక్కి చూడొచ్చు, పిల్లలు అక్కణ్నుంచి ఒక పట్టాన కదలరు.

బయట పెరట్లో సినిమాలోని ఊదారంగు ‘నైట్ బస్సు’ ఉంది. పాత లండన్ డబుల్ డెక్కర్లను కోసి అతికించి మూడంతస్తులు చేశారు. ఎగిరే ఫోర్డ్ యాంగ్లియా కారు కూడా ఉంది. షూటింగుకి వాడిన యాంగ్లియాల్లో ఒకదాన్ని 2005లో కార్న్‌వాల్‌లోని స్టూడియో నుంచి ఎవరో ఎత్తుకుపోయారు. నెలల తర్వాత ఒక కొండమీది పాత కోట దగ్గర దొరికింది. ఇక లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్లో, సినిమాలోలా గోడలోకి దూరిన ట్రాలీ దగ్గర ఫోటోకి క్యూ కట్టడం నా లెక్కలో టైం దండగ.

ఫోర్ట్ విలియమ్‌కి యూస్టన్ నుంచి రాత్రి స్లీపర్ ఉంది, శనివారం నడవదు. అది పొద్దున పది ప్రాంతంలో చేరుతుంది, జాకోబైట్ పదింబావుకి బయల్దేరుతుంది. ఆ కాస్త వ్యవధిని నమ్ముకోకండి, ముందురోజే చేరి రాత్రికి అక్కడే ఉండండి. వేసవిలో బసలు ఖరీదే. మేం దిగిన చోట గది శుభ్రంగా ఉంది, పొద్దున ఓట్స్ జావ బాగుంది. కానీ సూట్‌కేసులు ఇరుకు మెట్ల మీదుగా మూడో అంతస్తుకి మోయాలని బుకింగప్పుడు ఎవరూ చెప్పలేదు.

జాకోబైట్‌లో మాలెగ్ వెళ్లేటప్పుడు ఎడమవైపు సీటు దొరకాలి. గ్లెన్‌ఫినన్ దగ్గర 21 కమానుల వంతెన మీద బండి వంపు తిరుగుతుంటే ముందున్న ఇంజన్, దాని పొగ కిటికీలోంచే కనిపిస్తాయి. మన అరకు రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా కేకలేసినట్టే పెట్టె మొత్తం అరిచింది, పెద్దవాళ్లతో సహా. మాలెగ్‌లో గంటన్నరకు పైగా ఆపుతారు. చేపలు తినేవాళ్లకి పండగే, శాకాహారులకి బంగాళదుంప చిప్సే గతి. మా చెల్లెలు కట్టిచ్చిన పులిహోర అక్కడ పనికొచ్చింది.

డబ్బు చూసుకునేవాళ్లకి నా సలహా: లీవ్స్‌డెన్‌లో ఇంజన్ చూడండి, వంతెన మీదికి మాత్రం మామూలు స్కాట్‌రైల్ బండి ఎక్కండి. పట్టాలు అవే, కొండలు అవే, టికెట్ చాలా తక్కువ, చలికాలంలోనూ నడుస్తుంది. ఆవిరి బండే కావాలంటే బుక్ చేసేముందు అది నడుస్తోందో లేదో కనుక్కోండి. పాత పెట్టెల తలుపుల తాళాల మీద రైల్వే నియంత్రణ సంస్థ అభ్యంతరం చెప్పడంతో 2024 సీజన్ మొదట్లో కొన్నాళ్లు అది ఆగిపోయింది.