మెట్స్ తొలినాళ్ల జ్ఞాపికల్లో ఏది కొనాలి: సంతకాల బంతా, స్కోర్‌కార్డా, సీవర్ కార్డా?

న్యూయార్క్‌లో ఫ్లషింగ్ గణపతి గుడికి వెళ్లే తెలుగువాళ్లకు బేస్‌బాల్ జట్టు మెట్స్ స్టేడియం దారి తెలిసిందే. ఆ జట్టు అభిమానులైపోయి, పాత వస్తువు ఒక్కటైనా ఇంట్లో ఉండాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. 1962లో, పుట్టిన ఏడాదే, మెట్స్ 120 ఆటలు ఓడి 40 మాత్రమే గెలిచింది. 1969 అక్టోబరు 16న బాల్టిమోర్ ఓరియోల్స్‌ను ఆటల్లో 4-1 తేడాతో ఓడించి మొదటి వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్) కొట్టింది. ఆ ఓటములు తెలిసినవాళ్లకే ఈ గెలుపు విలువ తెలుస్తుంది. అందుకే 1969 వస్తువుల దగ్గరే ఆగిపోకూడదంటాను.

అందరి చూపూ ముందుగా పడేది 1969 జట్టంతా సంతకాలు చేసిన బంతి మీద. నేనైతే దాన్ని ఆఖరున పెడతాను. ఆ రోజుల్లో బేస్‌బాల్ జట్లలో పెద్ద ఆటగాళ్ల సంతకాలను వాళ్లకు బదులు డ్రెస్సింగ్ రూమ్ కుర్రాళ్లే పెట్టేయడం మామూలే. ఆ 1969 జట్టు మేనేజర్ (కోచ్ లాంటివాడు) గిల్ హాడ్జెస్ 1972లో 47 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. ఆయన సంతకానికి గిరాకీ ఎక్కువ, కాబట్టి దొంగ సంతకాల భయమూ ఎక్కువే. కుట్లు దగ్గరగా వచ్చే ఇరుకు చోట మామూలుగా మేనేజర్ సంతకం ఉంటుంది, ముందు అది చూడండి. తర్వాత బంతిని తిప్పి లీగ్ అధ్యక్షుడి అచ్చు సంతకం చూడండి. 1969 దాకా మెట్స్ ఆడే నేషనల్ లీగ్ బంతుల మీద వారెన్ గైల్స్ పేరుండేది, ఆ తర్వాత కొత్త అధ్యక్షుడు చబ్ ఫీనీ పేరు వచ్చింది. ఫీనీ పేరున్న బంతిని చూపించి ‘గెలిచిన రాత్రే సంతకాలు పెట్టించాం’ అంటే నమ్మకండి. గైల్స్ పేరున్నంత మాత్రాన అసలుదని కూడా కాదు, పాత ఖాళీ బంతులు దొరుకుతూనే ఉంటాయి. పైగా బాల్‌పెన్ సిరా వెలుతురుకు వెలిసిపోతుంది. అంత డబ్బు పోసి కొన్నదాన్ని చీకట్లో దాచుకోవాలి.

స్కోర్‌కార్డు, అంటే ఆట చూస్తూ ప్రేక్షకులు స్కోరు రాసుకునే అట్ట, సంగతి వేరు. మెట్స్ మొదటి రెండేళ్లూ పోలో గ్రౌండ్స్‌లో ఆడింది. ఆ స్టేడియాన్ని 1964లో కూల్చేశారు. అక్కడ అమ్మిన స్కోర్‌కార్డుల్లో ఏమీ రాయని వాటికే ఎక్కువ ధర పెడతారు. నన్నడిగితే పెన్సిల్‌తో నింపినదే మేలు. అందులో ఒక్కో ఫీల్డర్ స్థానానికి ఒక్కో అంకె. 6-4-3 అని ఉంటే రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ (6) బంతిని రెండో బేస్‌కు, అక్కడి నుంచి మొదటి బేస్‌కు పంపి ఇద్దరిని ఔట్ చేశారన్నమాట. తిరగేసి రాసిన ‘కె’ కనబడితే బ్యాటర్ బ్యాట్ ఊపకుండానే మూడో స్ట్రైక్‌కు ఔటయ్యాడని అర్థం. ఓడిపోతున్న జట్టు కోసం ఎవరో చివరి ఇన్నింగ్స్ దాకా కూర్చుని ఇవన్నీ రాశారు! దీంతో ఇంకో లాభం ఉంది. కార్డు మీద తేదీ లేకపోయినా, పెన్సిల్ అంకెలను పాత మ్యాచ్ రికార్డులతో పోల్చి అది ఏ రోజు ఆటో పట్టుకోవచ్చు.

ఇక ఆటగాళ్ల బొమ్మల కార్డులు అచ్చువేసే టాప్స్ సంస్థ 1967 కార్డు, నంబరు 581. టామ్ సీవర్ రూకీ కార్డు (ఆటగాడి తొలి కార్డు) ఇదే. 1966లో మూడు జట్ల పేర్లు చీటీలుగా వేసి తీస్తే మెట్స్‌కు దక్కిన పిచర్ (బంతి విసిరేవాడు) అతను. 1969లో 25 ఆటలు గెలిచి, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు తీసుకున్నాడు. అదే కార్డు మీద పక్కనున్న బిల్ డెనెహీని చాలామంది పట్టించుకోరు. 1967 చివర్లో డెనెహీనీ, లక్ష డాలర్లనూ వాషింగ్టన్ సెనేటర్స్‌కు ఇచ్చి మెట్స్ హాడ్జెస్‌ను తెచ్చుకుంది. కప్పు తెచ్చిన పిచర్, కప్పు తెచ్చిన మేనేజర్ కోసం వదులుకున్న పిచర్, ఇద్దరూ ఒకే అట్టముక్క మీద ఉన్నారు. ఇంత కథ చెప్పే వస్తువు మూడింటిలో మరోటి లేదు.

దీనికి నకళ్లు చాలా ఉన్నాయి కాబట్టి గ్రేడింగ్ సంస్థ (అసలుదో కాదో చూసి, నాణ్యతకు మార్కులు వేసేది) సీలు వేయని కార్డు జోలికి పోవద్దు. మూలలు అరిగి, మడత పడిన తక్కువ గ్రేడు కార్డైనా పరవాలేదు, ఆ రెండు ముఖాలూ స్పష్టంగా కనిపిస్తే చాలు.

1969లో గెలిచిన రోజు అభిమానులు మెట్స్ అప్పటి మైదానం షే స్టేడియంలో పీక్కుపోయిన పచ్చిక అంటూ ఎవరైనా అమ్మితే, అది అక్కడిదేనని తేల్చడం దాదాపు అసాధ్యం. 2008లో షే సీట్లను జత 869 డాలర్లకు అమ్మారు, 1986, 1969 వరల్డ్ సిరీస్ గెలుపుల గుర్తుగా (86, 69 అంకెలు కలిపి) పెట్టిన ధర అది. కానీ చెక్క సీట్లు 1980 ప్రాంతంలోనే పోయి ప్లాస్టిక్‌వి వచ్చాయి, 1969లో జనం కూర్చున్నవి అవి కావు.

చేతిలో డబ్బుంటే 581 కొనండి. లేదంటే పెన్సిల్ గీతలున్న 1962 స్కోర్‌కార్డు వెతకండి.